ఒక్క నెట్ కనెక్షన్ మీద అన్నదమ్ముల ఆట: మా ఇంట్లో 38 రోజులు

మే 3, శనివారం రాత్రి పదకొండు గంటలకు మా చిన్నవాడు మేడ మీది నుంచి గబగబా మెట్లు దిగి వచ్చి, ముందు గదిలో ఆడుతున్న వాళ్ల అన్న వెనక నిలబడి, "నువ్వు కావాల్నే డౌన్‌లోడ్ పెట్టినవ్, నన్ను ఆడనీయొద్దనే" అన్నాడు. వాడి గొంతు వణుకుతోంది. పెద్దవాడు హెడ్‌ఫోన్ తీసి, "నేనేం పెట్టలేదురా, నాది గూడ ఆగిపోయింది, చూడు" అని తెర చూపించినా వాడు నమ్మలేదు. పెద్దవాడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నాలుగు నెలల తర్వాత, ఆ ముందు రోజే, డెస్క్‌టాప్‌ను దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకొని నల్లగొండకు వచ్చాడు. చిన్నవాడు పదో తరగతి పరీక్షలు ముగిసిన నాటి నుంచి అన్న ఎప్పుడొస్తాడా, ఇద్దరం కలిసి వాలరెంట్ అనే ఆన్‌లైన్ ఆట ఎప్పుడు ఆడతామా అని రోజులు లెక్కపెట్టుకున్నాడు. కలిసి ఆడిన మొదటి రాత్రే ఇద్దరూ మాట్లాడుకోకుండా పడుకున్నారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

నేను ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతాను. కంప్యూటర్ ఆటల గురించి నాకేమీ తెలియదు. అంతకుముందు వరకు భోజనానికి పిలిచినప్పుడు "ఆపి రండి" అని కేకలు వేసేవాడిని. ఆ ఆటను మధ్యలో నిలిపి మళ్లీ మొదలుపెట్టడం కుదరదని, ఒక మ్యాచ్ అరగంటకు పైగా సాగుతుందని, మధ్యలో వెళ్లిపోతే జట్టులోని మిగతా నలుగురు నష్టపోవడమే కాక వెళ్లినవాడికి కొంతసేపు ఆడకుండా శిక్ష కూడా పడుతుందని ఈ సెలవుల్లోనే తెలిసింది. నెట్ ఒక్క క్షణం తడబడినా పిల్లవాడికి అంత బాధ ఎందుకో అప్పుడు అర్థమైంది. వేసవి సెలవులు కాబట్టి నాకు తీరిక ఉంది. ఈ తగాదా మూలం కనుక్కోవాలని కూర్చున్నాను. ఒకే కనెక్షన్ మీద ఇద్దరు ముగ్గురు ఆడే ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందని, జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

మాది రామగిరిలో మేడ ఇల్లు. నెట్ పెట్టె కింద ముందు గదిలో ఉంటుంది. పెద్దవాడు తన డెస్క్‌టాప్‌ను దాని పక్కనే పెట్టుకొని వైరుతో కలుపుకున్నాడు. చిన్నవాడి ల్యాప్‌టాప్ మేడ మీది గదిలో, మధ్యలో స్లాబు, రెండు గోడలు దాటి వచ్చే వైఫై మీద నడుస్తుంది. ఇవి కాక టీవీ, మా ఇద్దరి ఫోన్లు. నెలకు 499 రూపాయల 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్ల వేగం) ప్లాన్. 18 శాతం జీఎస్టీతో 589 అయ్యేది.

మే 5న మా ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. వచ్చిన కుర్రవాడు పెట్టె వైపు చూడనైనా చూడకుండా, "సార్, మీది చిన్న ప్లాన్. ఇద్దరు పిల్లలు ఆడుతున్నరు గద, వందకు పెంచుకోండ్రి" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. 799 రూపాయల ప్లాన్, పన్నుతో కలిపి 943. మరునాడు సాయంత్రానికి మారింది, వేగం కొలిస్తే 94 చూపించింది, పిల్లలిద్దరూ సంతోషించారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ అదే గోల. అప్పుడు పెద్దవాడిని అడిగాను, అసలు ఈ ఆటకు ఎంత డేటా కావాలని. గంటసేపు ఆడినా కొన్ని వందల ఎంబీకి మించదని లెక్క తీసి చూపించాడు. వాళ్ల అమ్మ టీవీలో ఒక్క సినిమా చూస్తే అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. అంటే మాకు లేనిది వేగం కాదు. ఈ ప్రశ్న డబ్బు కట్టకముందే అడగవలసింది.

రెండో పొరపాటు మే 8న చేశాను. గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో 1,450 రూపాయలు పెట్టి వైఫై రిపీటర్ కొని మెట్ల దగ్గర బిగించాను. మేడ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి కానీ ఆట ఇంకా అధ్వానమైంది. రిపీటర్ ప్రతి మాటనూ గాలిలోనే విని, మళ్లీ గాలిలోనే తిరిగి చెప్పాలి. గీతలు పెరిగినా ఆలస్యం కూడా పెరుగుతుంది. డబ్బా విప్పేశారు కాబట్టి తిరిగి తీసుకోబోమని దుకాణం వాళ్లు అన్నారు.

మే 10న బడిలో వాడే పొడుగు నోట్‌బుక్ ఒకటి తీసి గీతలు గీశాను. పెద్దవాడు రెండు కంప్యూటర్లలోనూ రెండేసి నల్ల కిటికీలు తెరిచి, పింగ్ ఆదేశం ఆగకుండా నడిచేలా పెట్టాడు. ఒకటి ఇంట్లోని పెట్టెకే, అంటే 192.168.1.1కు, రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు. ఒక చిన్న సందేశం వెళ్లి జవాబు తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అవి వరుసగా చూపుతూ పోతాయి. ఇంత చిన్న పని ఎంత మేలు చేసిందో చెప్పలేను. పెట్టెకే ఆలస్యమైతే తప్పు ఇంట్లోని గాలిది లేదా వైరుది. పెట్టెకు బాగుండి బయటికి ఆలస్యమైతే తప్పు ఆ తర్వాతి దారిది. ఇలా రెండు రోజులు, గంటకోసారి, తేదీ, సమయం, నాలుగు అంకెలు రాశాను.

మే 12 ఉదయం ఆ పుటలు ముందు పెట్టుకొని చూస్తే, మా ఇంట్లో ఉన్నది ఒక్క జబ్బు కాదని, రెండు జబ్బులు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయని తేలింది. మేడ మీది ల్యాప్‌టాప్‌కు పెట్టె నుంచి జవాబు రావడానికే ఒకసారి 3, మరోసారి 60, ఇంకోసారి 180 పడుతోంది. అది రోజంతా అంతే. కింద డెస్క్‌టాప్‌కు ఎప్పుడూ 1. కానీ బయటి అంకె మాత్రం డెస్క్‌టాప్‌కు రోజంతా 20 దగ్గర, ల్యాప్‌టాప్‌కు దాని వైఫై ఆలస్యం కలుపుకొని అంతకు ఎక్కువగా ఉండి, కొన్ని సమయాల్లో ఇద్దరికీ ఒకేసారి 400 దాటుతోంది. మొదటిది చిన్నవాడి ఒక్కడి కష్టం, రెండోది ఇద్దరిదీ. పిల్లలను కూర్చోబెట్టి ఆ పుటలు చూపించాను. చిన్నవాడు రెండు వరుసల్లోని అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "అన్నకు గూడ గదే టైముకు పెరిగింది" అని తనలో తాను అన్నట్లు అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నిందలు తగ్గాయి.

మొదటి జబ్బుకు మందు వైరే. 30 మీటర్ల క్యాట్ 6 కేబుల్, మీటరు 28 చొప్పున 840 రూపాయలు. కొనేముందు పెద్దవాడు చివర ఒక తీగను బ్లేడుతో గీకి చూశాడు. లోపల కూడా ఎర్రగా ఉంటే పూర్తి రాగి. తెల్లగా మెరిస్తే రాగి పూత వేసిన అల్యూమినియం. మొదట ఇవ్వబోయిన చుట్ట తెల్లగా మెరిసింది, వద్దన్నాం. ఎలక్ట్రీషియన్ కోసం నాలుగు రోజులు ఆగాలి. పెళ్లిళ్ల కాలం, మనిషి దొరకడు. మే 16న వచ్చి, "కరెంటు పైపులకెల్లే గుంజుతా సార్, గోడ పగలగొట్టే పనుండదు" అన్నాడు. అలా చేస్తే కరెంటు తీగల ప్రభావం దీని మీద పడుతుందని, అంతకు మించి ఎప్పుడైనా తీగ ఒరుసుకుపోతే కంప్యూటర్‌లోకి కరెంటు వచ్చే ప్రమాదం ఉందని నేను ఒప్పుకోలేదు. బయటి గోడ మీద వేరే పీవీసీ పైపు బిగించి, కింద ఒక రంధ్రం, మీద ఒక రంధ్రం వేయించాను. పైపు, క్లిప్పులు 260, కూలి 900. ఎండ మండిపోతుంటే ఆయన నిచ్చెన మీద, మేము కింద కేబుల్ అందిస్తూ, పని మధ్యాహ్నం రెండు దాటింది.

కొనల బిగింపు మాత్రం మేమే చేసుకున్నాం. క్రింపింగ్ టూల్, ఆర్‌జే 45 కనెక్టర్ల పొట్లం కలిపి 480. మే 18, ఆదివారం రాత్రి, మేడ మీది గదిలో నేల మీద న్యూస్ పేపరు పరిచి కూర్చున్నాం. పై తొడుగు ఒలిస్తే లోపల నాలుగు జంటలు మెలికలు పడి ఉంటాయి. వాటిని విడదీసి, వేళ్లతో నునుపుగా చేసి, ఈ వరుసలో పేర్చాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. తెల్ల తీగల మీద రంగు చార దీపం వెలుతురులో దాదాపు కనిపించదు. నాలుగూ ఒకేలా ఉంటాయి. అందుకే మెలిక పూర్తిగా విప్పకముందే ఏది దేని జంటో వేలి సందున పట్టుకొని ఉంచుకోవాలి. చిన్నవాడు టార్చి పట్టుకున్నాడు, పెద్దవాడు రంగులు పైకి చదివాడు, నేను పేర్చాను. మొదటి కనెక్టర్ పాడైంది, రెండోదీ పాడైంది. మూడోది బిగించి కలపగానే ల్యాప్‌టాప్ దగ్గర పచ్చ దీపం వెలిగింది. పింగ్ కిటికీలో 1, 1, 1, 1 అని వరుసగా దిగుతుంటే ముగ్గురం ఏమీ మాట్లాడకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మరునాడు చిన్నవాడికి కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఆట కావలసి వచ్చింది. అది ముప్పై జీబీకి పైనే. మళ్లీ నెట్ నుంచి దించనవసరం లేదని, ఆటలు దించుకునే స్టీమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఇంటి నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ నుంచి తెచ్చుకునే వీలుందని పెద్దవాడు చెప్పాడు. ఇద్దరు ఆడే ఇంట్లో ఈ సంగతి తెలిసి ఉండటం ఎంతో మేలు. అయితే ఫైళ్లు సెకనుకు 11 ఎంబీ దగ్గరే నిలిచిపోయాయి. నెట్ వేగం బిట్లలో, ఫైళ్లు బైట్లలో కొలుస్తారు; ఎనిమిది బిట్లు ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అంటే మా కేబుల్ వెయ్యి ఎంబీపీఎస్‌కు బదులు వందకే పనిచేస్తోంది! వందకు రెండు జంటలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. కనెక్టర్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, చివరి గోధుమ తీగ కొన మిగతా వాటికంటే వెంట్రుకవాసి వెనకబడి ఉంది, పిన్నును తాకడం లేదు. కత్తిరించి మళ్లీ బిగించాం. వేగం సెకనుకు వంద ఎంబీ దాటింది, ఆట మొత్తం టీ తాగి వచ్చేలోపు చేరిపోయింది. పాత కనెక్టర్‌తో కూడా ఆటల పింగ్ బాగానే ఉండేది కాబట్టి, ఈ లెక్క వేయకపోతే ఆ లోపం మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక రెండో జబ్బు. సాయంత్రాలు ఇద్దరికీ ఒకేసారి 400. నోట్‌బుక్‌లో ఆ సమయాలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. పిల్లలు భోజనం చేస్తున్నప్పుడు కూడా వస్తోంది, కాబట్టి వాళ్ల డౌన్‌లోడ్‌లు కారణం కాదు. టీవీ ఆపి చూశాం, అయినా వస్తోంది. మే 21న నార్కట్‌పల్లిలో మా చుట్టాల పెళ్లికి వెళ్లి రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరాం. పిల్లలు అప్పటికే ఆడుతున్నారు. మేము చెప్పులు విడిచి లోపలికి వచ్చిన రెండు నిమిషాలకు పైనుంచి "మళ్లొచ్చింది నాన్నా" అని కేక వినిపించింది. నేను మా ఆవిడ చేతిలోని ఫోన్ వైపు చూశాను. పెళ్లిలో తీసిన ఫొటోలు, వీడియోలు ఇంటి వైఫై తగలగానే తమంతట తామే ఆన్‌లైన్‌లోకి ఎక్కుతున్నాయి. వైఫై తీసేయమన్నాను, పింగ్ 20కి దిగింది. మళ్లీ పెట్టమన్నాను, 400. మూడుసార్లు అలా చేశాం. ఆమె పాపం బెంబేలు పడి, "ఇన్ని దినాల సంది పిల్లలు కొట్లాడుకున్నది నా ఫోన్ వల్లనా?" అంది. నాకు ఆమెను చూస్తే బాధ కలిగింది. ఎవరి తప్పూ కాదని, ఫోన్‌కు తెలిసిన పని అది చేస్తోందని చెప్పాను.

ప్లాన్ పెంచినా ఎందుకు లాభం లేకపోయిందో అప్పుడు అర్థమైంది. పెంచింది దిగే (డౌన్‌లోడ్) వేగమే. పైకి ఎక్కే (అప్‌లోడ్) వేగం పాత పది ఎంబీపీఎస్సే. మిర్యాలగూడలో వడ్ల సీజన్‌లో మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి చూడండి, ఆ బారు వెనక ఒక సైకిలు చిక్కుకుంటే ఎలా ఉంటుందో, వీడియో ముక్కల వెనక పిల్లల ఆట సందేశాలు అలా చిక్కుకున్నాయి. ఆపరేటర్ ఇచ్చిన పెట్టె వచ్చినవాటిని వచ్చినట్లే వరుసలో నిలబెడుతుంది తప్ప సైకిలుకు పక్కన దారి ఇవ్వదు. ఫోన్‌లో ఆ సౌకర్యం ఆపేస్తే సరిపోయేది. కానీ ఇంటికి చుట్టాలు వస్తారు, రేపు మరో ఫోన్ వస్తుంది; ప్రతివారినీ వైఫై తీయమని అడగడం నాకు మర్యాదగా తోచలేదు.

మే 24న పెద్దవాడు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వీలైన రౌటర్ 3,200కు తెచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కేక్ అనే వరుస పద్ధతి ఉంది. ఒక యంత్రం ఎంత పంపినా మిగతావాటి వంతు వాటికి ఇస్తుంది. ఎక్కించే కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే రౌటర్ పనికిరాకుండా పోవచ్చు. ఆ సాయంత్రం గాలిదుమారం లేచింది, వీధి దీపాలు రెండుసార్లు ఆరి వెలిగాయి. రౌటర్‌ను, కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీదికి మార్చి అప్పుడు మొదలుపెట్టాం. దీపం మిణుకుమంటున్నంతసేపు పెద్దవాడు కుర్చీ అంచున కూర్చొని ఉన్నాడు, నేను వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

తర్వాత కొలిచిన వేగంలో పదో వంతు తగ్గించి పరిమితి పెట్టాడు: దిగడానికి 85, ఎక్కడానికి 9. పరిమితి అసలు వేగానికి లోపల ఉంటేనే వరుస మన రౌటర్ చేతిలో ఉంటుంది, లేకపోతే బయటి పెట్టెలోకి పోతుంది. అయినా మొదటి గంట ఏ మార్పూ కనిపించలేదు, నిరుత్సాహం కలిగింది. చివరికి చూస్తే పాత పెట్టె వైఫై ఇంకా వెలిగే ఉంది, ఫోన్లూ టీవీ దానికే అతుక్కొని కొత్త రౌటర్‌ను దాటుకొని వెళ్తున్నాయి. పాత వైఫై ఆపేసి, కొత్త రౌటర్‌కు అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టగానే అన్నీ వాటంతట అవే వచ్చి చేరాయి. పెళ్లి వీడియోలు మళ్లీ ఎక్కించమన్నాను. బయటి పింగ్ 24, 27, 25. వాలరెంట్ ముంబై సర్వర్‌కు ఇద్దరికీ 34 దగ్గర నిలకడగా ఉంది. వాళ్ల అమ్మ ఆ అంకెలు చూసి, "ఇగ నేను ఫోన్ వాడొచ్చా?" అని అడిగినప్పుడు ఇద్దరూ లేచి ఆమెను పట్టుకున్నారు.

మే 27 రాత్రి వాన కురిసింది. ఉదయం లేచి చూస్తే మేడ మీది రంధ్రం నుంచి కేబుల్ వెంబడి నీళ్లు లోపలికి దిగి, గోడ తడిసి, ల్యాప్‌టాప్‌కు జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. రంధ్రం బయటివైపు వాలుగా ఉండాలి. కేబుల్ లోపలికి వచ్చే ముందు బయట కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది. అది పని జరిగినరోజే చెప్పించుకోవలసింది. కేబుల్ వంచి, సందును సిలికాన్‌తో మూసేశాను.

జూన్ 1న మిర్యాలగూడలోని మా బావమరిది కొడుకుతో కలిసి మైన్‌క్రాఫ్ట్ ఆడాలని చిన్నవాడు తన ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ పెట్టాడు. బయటి సర్వర్లలో ఆడే ఆటలకు పోర్టులు (బయటివాళ్లు లోపలికి వచ్చే దారులు) తెరవనవసరం లేదు, మన కంప్యూటరే బయటికి వెళ్తుంది కనుక. ఇక్కడ మాత్రం బయటివాడు లోపలికి రావాలి. 25565 పోర్టును ల్యాప్‌టాప్‌కు మళ్లించినా ఆ అబ్బాయి రాలేకపోయాడు. ఆపరేటర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే వచ్చిన నెట్‌ను నేరుగా మా రౌటర్‌కే అందించేలా, పెట్టమంటే మూడు రోజులు పట్టింది, అప్పుడు మా రౌటర్‌కు వచ్చిన చిరునామా 100తో మొదలైంది, దాని రెండో సంఖ్య 64కూ 127కూ మధ్యలో ఉంది. 100.64 నుంచి 100.127 వరకు ఉండేవి ఆపరేటర్ అనేక ఇళ్లకు ఒకే బయటి చిరునామా పంచేటప్పుడు వాడేవి. అలాంటప్పుడు మన ఇంట్లో ఏ పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీ, అంటే మన ఒక్క ఇంటికే మారని బయటి చిరునామా, ఏడాదికి 2,500, పన్ను అదనం అన్నారు. ఒక్క ఆట కోసం అంత వద్దనుకొని, జీరోటైర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ అబ్బాయి కంప్యూటర్‌ను మా ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్లే కలిపారు. రూపాయి ఖర్చు లేకుండా ఆ రాత్రే ముగ్గురూ ఆడుకున్నారు.

మొత్తం ఖర్చు 7,484 రూపాయలు. అందులో పెంచిన ప్లాన్ తేడా 354, రిపీటర్ 1,450, కలిపి 1,804 వృథాగా పోయింది. తర్వాతి నెల నుంచి పాత 50 ప్లాన్‌కే తిరిగి వచ్చాం, రౌటర్‌లో పరిమితిని 45కు దించాం. ఆటలో ఇద్దరికీ ఏ తేడా తెలియలేదు.

జూన్ 8 ఉదయం పెద్దవాడు డెస్క్‌టాప్‌ను మళ్లీ దుప్పట్లో చుట్టాడు. చిన్నవాడు కారు దాకా మానిటర్ మోసుకొచ్చాడు. బయలుదేరబోతూ పెద్దవాడు వెనక్కి వచ్చి, "నాన్నా, ఆ నోట్‌బుక్ నేను తీస్కపోతా. మా రూంల నలుగురం ఒక్కటే నెట్ మీద ఆడుతం, రోజూ లొల్లే" అన్నాడు. చిన్నవాడు ఒక్క నిమిషం ఆగమని, తీగల రంగుల వరుస ఉన్న పుటను ఫోన్‌లో ఫొటో తీసుకొని, నోట్‌బుక్ అన్న చేతిలో పెట్టాడు.